పెద్దపేగు క్యాన్సర్: గట్టు దాటే కణాలు, గుట్టు చెప్పే ప్రొటీన్లు

పెద్దపేగులో పుట్టిన కణితి ఎంత పెద్దదన్నదాని కన్నా, అది పేగు గోడలోకి ఎంత లోతుకు దిగిందన్నదే రోగి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుంది. లోపలి పొరకే పరిమితమైన పాలిప్ కాస్త పెద్దదైనా, చాలా సందర్భాల్లో కొలనోస్కోపీ ద్వారానే తీసేయవచ్చు. దానికన్నా చిన్న కణితి అయినా కండర పొరను దాటి లింఫ్ గ్రంథులను చేరిందంటే పెద్ద ఆపరేషన్, కీమోథెరపీ అవసరమవుతాయి.

2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల మందికి పైగా కొత్తగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల బారిన పడ్డారు. 9 లక్షల మందికి పైగా మరణించారు. కొత్త కేసుల్లో ఇది మూడో స్థానంలో, మరణాల్లో రెండో స్థానంలో ఉన్న క్యాన్సర్. అమెరికా గణాంకాల ప్రకారం, వ్యాధి పేగు గోడకే పరిమితమై ఉన్నప్పుడు గుర్తిస్తే 5 ఏళ్ల తర్వాత జీవించి ఉండేవారు దాదాపు 90 శాతం. కాలేయం వంటి దూరపు అవయవాలకు పాకిన తర్వాత గుర్తిస్తే అది సుమారు 15 శాతానికి పడిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాకు మూలం ఒకే సంఘటన: పుట్టిన చోట పెరుగుతున్న కణాలు గట్టు దాటడం. వైద్యశాస్త్రం దీన్ని ఆక్రమణ అంటుంది.

కణం గట్టు ఎప్పుడు దాటుతుంది? ఎందుకు దాటుతుంది? ముందే పసిగట్టగలమా? గత నాలుగు దశాబ్దాల పరిశోధన ఈ ప్రశ్నలకు జవాబును కణాల్లోని ప్రొటీన్లలో వెతికింది. ఆ వెతుకులాటలో తేలిన విషయం ఆసక్తికరమైనది. ఒక ప్రొటీన్ ఎంత ఉంది అని కొలిస్తే సగం కథే తెలుస్తుంది. అది కణంలో ఏ భాగంలో ఉంది, కణితిలో ఏ చోట ఉంది, అసలు ఎవరి కణంలో ఉంది అన్నవి కూడా చూస్తేనే మిగతా సగం అర్థమవుతుంది.

పేగు గోడలో పొరలు

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవుండే గొట్టం. దాని గోడలో ప్రధానంగా నాలుగు పొరలుంటాయి. లోపలివైపు శ్లేష్మపొర, దాని కింద రక్తనాళాలు, లింఫ్ నాళాలు ఉండే మెత్తని పొర, ఆపైన కండర పొర, చివరగా బయటి పొర. శ్లేష్మపొర ఉపరితలమంతా సన్నని గుంతలుంటాయి. వీటిని క్రిప్ట్‌లు అంటారు. ప్రతి క్రిప్ట్ అడుగున మూలకణాలుంటాయి. అవి విభజన చెందుతూ కొత్త కణాలను పైకి పంపుతుంటాయి. పైకి చేరిన కణాలు కొద్ది రోజులు పనిచేసి రాలిపోతాయి. ఇలా పేగు లోపలి పూత సుమారు 5 రోజులకోసారి కొత్తదైపోతుంది.

ఈ పూత కణాల కింద ఆధార పొర అనే పలుచని అల్లిక ఉంటుంది. కొలాజెన్, లామినిన్ వంటి ప్రొటీన్లతో నేసిన ఈ అల్లిక పొలం గట్టు లాంటిది. గట్టుకు ఇవతల ఎంత పెరిగినా అది పెరుగుదల మాత్రమే. అవతలకు వెళితే ఆక్రమణ. కణితి మెత్తని పొరలోకి దిగితే టీ1, కండర పొరలోకి చొరబడితే టీ2, కండరాన్ని దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వెళితే టీ3, బయటి ఉపరితలాన్నో పక్క అవయవాన్నో తాకితే టీ4 అని వైద్యులు రిపోర్టులో రాస్తారు. ఇది ప్రధానంగా లోతును కొలిచే కొలబద్ద. పెద్దపేగు శ్లేష్మపొరలో లింఫ్ నాళాలు చాలా తక్కువ. అందుకే ఆ పొరలోనే ఉన్న మార్పులు ఇతర అవయవాలకు వ్యాపించడం అత్యంత అరుదు.

ప్రొటీన్లను కంటితో చూడటం ఎలా?

శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యువుల సెట్ ఉంటుంది. అయినా పేగు కణం పేగు కణంలా, మెదడు కణం మెదడు కణంలా ఉండటానికి కారణం, ఏ కణం ఏ జన్యువులను చదివి ఏ ప్రొటీన్లను తయారు చేస్తోందన్నదే. దీన్నే ప్రొటీన్ వ్యక్తీకరణ అంటారు. క్యాన్సర్‌లో ఈ వ్యక్తీకరణ అదుపు తప్పుతుంది. కొన్ని ప్రొటీన్లు మితిమీరి తయారవుతాయి. కొన్ని మాయమవుతాయి. మరికొన్ని ఉండాల్సిన చోట కాకుండా వేరే చోట కనిపిస్తాయి.

దీన్ని చూడటానికి ఆసుపత్రుల్లో రోజూ వాడే పద్ధతి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. ఆపరేషన్‌లో తీసిన ముక్కను ఫార్మాలిన్‌లో భద్రపరిచి, మైనంలో బిగించి, సుమారు 4 మైక్రాన్ల మందంతో పొరలుగా కోస్తారు. తల వెంట్రుక మందంలో ఇది పదో వంతు కూడా ఉండదు. ఆ పొరను గాజు స్లైడ్ మీద పరిచి, వెతుకుతున్న ప్రొటీన్‌కు మాత్రమే అతుక్కునే యాంటీబాడీని దాని మీద వేస్తారు. ఆ యాంటీబాడీకి జోడించిన ఎంజైమ్, రంగునిచ్చే రసాయనం తగలగానే అక్కడ గోధుమ రంగు తేలుతుంది. కణ కేంద్రకాలకు విడిగా నీలం రంగు వేస్తారు. దీంతో మైక్రోస్కోప్ కింద ప్రొటీన్ ఉందా లేదా అన్నదే కాక, కణం అంచున ఉందా, లోపల ఉందా, కేంద్రకంలో ఉందా అన్నదీ కనిపిస్తుంది.

ఈ పద్ధతికి బీజం 1941లో పడింది. అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ కూన్స్ యాంటీబాడీకి మెరిసే రంగును తగిలించి కణజాలంలో వెతకవచ్చని చూపించారు. 1966లో నకానే, పియర్స్ ఎంజైమ్‌తో రంగు తేల్చే విధానాన్ని ప్రకటించారు. 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఒకే లక్ష్యాన్ని గుర్తించే యాంటీబాడీలను ఎంత కావాలంటే అంత తయారు చేసే దారి కనిపెట్టాక ఇది మామూలు ఆసుపత్రి పరీక్షగా మారింది.

కణజాలాన్ని మొత్తంగా నూరి ప్రొటీన్లను కొలిచే పద్ధతులూ ఉన్నాయి. అవి మొత్తం పరిమాణాన్ని కచ్చితంగా చెబుతాయి, కానీ చిరునామా చెరిగిపోతుంది. పెద్దపేగు క్యాన్సర్ విషయంలో ఆ చిరునామాయే కీలకం.

కణాలను కలిపి ఉంచే కొక్కెం

పేగు పూతలోని కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఈ పట్టుకు ముఖ్య కారణం ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్. జపాన్ శాస్త్రవేత్త మసతోషి టకేయిచి కణాలు అతుక్కోవడానికి కాల్షియం ఎందుకు అవసరమో పరిశోధిస్తూ ఈ కుటుంబ ప్రొటీన్లను గుర్తించారు. ఇ-క్యాడ్‌హెరిన్‌లో ఒక భాగం కణం బయటకు చాచుకుని, పక్క కణం నుంచి వచ్చిన ఇ-క్యాడ్‌హెరిన్‌ను పట్టుకుంటుంది. లోపలి తోక కణం అస్థిపంజరం లాంటి ఆక్టిన్ పోగులకు ముడిపడి ఉంటుంది. ఆ ముడి వేసే ప్రొటీన్లలో ఒకటి బీటా-కేటెనిన్.

ఆరోగ్యంగా ఉన్న పేగు ముక్కలో ఇ-క్యాడ్‌హెరిన్‌కు రంగు వేస్తే, ప్రతి కణం చుట్టూ గోధుమ రంగు గీత తేనెపట్టు గడుల్లా కనిపిస్తుంది. ఆక్రమణ మొదలైన చోట ఆ గీత పలచబడుతుంది, తెగిపోతుంది, కొన్ని కణాల్లో పూర్తిగా మాయమవుతుంది. పట్టు వదిలిన కణం ఇక కదలగలదు.

ఈ కొక్కెం ఎందుకు తెగుతుందో చెప్పే ఆధారం 2000 సంవత్సరంలో దొరికింది. స్నెయిల్ అనే ప్రొటీన్ కేంద్రకంలో ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువు వద్ద కూర్చుని దాన్ని చదవకుండా అడ్డుకుంటుందని రెండు పరిశోధక బృందాలు విడివిడిగా చూపించాయి. స్నెయిల్ క్యాన్సర్ కోసం పుట్టిన ప్రొటీన్ కాదు. గర్భంలో పిండం రూపుదిద్దుకునేటప్పుడు కొన్ని కణాలు ఒక చోటు నుంచి మరో చోటికి వలస వెళ్లాలి. అప్పుడు పట్టు వదలమని చెప్పే ఆదేశాల్లో స్నెయిల్ ఒకటి. పుట్టాక ఎక్కువగా మూతపడి ఉండే ఆ పాత ఆదేశాన్ని క్యాన్సర్ కణం మళ్లీ తెరుస్తుంది.

ఒకే ప్రొటీన్, రెండు ఉద్యోగాలు

పెద్దపేగు క్యాన్సర్ కథలో అసలు పాత్ర బీటా-కేటెనిన్‌ది. కణం అంచున ఉన్నప్పుడు అది కాపలాదారు. ఇ-క్యాడ్‌హెరిన్‌ను లోపలి పోగులకు కట్టి ఉంచుతుంది. అదే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళితే చేసే పని వేరు. అక్కడ మరో ప్రొటీన్‌తో జతకట్టి, కణ విభజనను, కదలికను పెంచే జన్యువులను తెరుస్తుంది.

మామూలు కణంలో అది కేంద్రకం దాకా వెళ్లకుండా చూసేది ఏపీసీ అనే ప్రొటీన్. అంచున అవసరానికి మించి మిగిలిన బీటా-కేటెనిన్‌ను ఏపీసీ, దాని సహచర ప్రొటీన్లు పట్టుకుని ఒక గుర్తు తగిలిస్తాయి. ఆ గుర్తు పడిన ప్రొటీన్‌ను కణంలోని వ్యర్థాల యంత్రం ముక్కలు చేస్తుంది. క్రిప్ట్ అడుగున ఉన్న మూలకణాల్లో మాత్రం విభజన అవసరం కాబట్టి, డబ్ల్యూఎన్‌టీ అనే సంకేతం ఈ విధ్వంసాన్ని తాత్కాలికంగా ఆపుతుంది.

ఏపీసీ జన్యువును 1991లో గుర్తించారు. వందల సంఖ్యలో పాలిప్‌లు వచ్చే ఒక వంశపారంపర్య వ్యాధికి ఇదే కారణమని అప్పుడే తేలింది. వంశపారంపర్యం కాని పెద్దపేగు క్యాన్సర్లలోనూ ప్రతి 10లో దాదాపు 8 కణితుల్లో ఏపీసీ దెబ్బతిని ఉంటుంది. 1993లో ఏపీసీ, బీటా-కేటెనిన్ ఒకదానికొకటి అతుక్కుంటాయని తెలియడంతో లెక్క కుదిరినట్టు అనిపించింది. ఏపీసీ పాడైతే బీటా-కేటెనిన్ పేరుకుపోతుంది, కేంద్రకంలోకి వెళుతుంది, కణం అదుపు తప్పుతుంది.

అంచున కనిపించిన చిక్కుముడి

1990ల చివర్లో జర్మనీలోని థామస్ బ్రాబ్లెట్జ్ బృందం రోగుల కణితుల్లో బీటా-కేటెనిన్‌కు రంగు వేసి చూసినప్పుడు ఈ లెక్క కుదరలేదు. కణితిలోని కణాలన్నిటిలోనూ ఏపీసీ ఒకే రకంగా పాడై ఉంది. అలాంటప్పుడు అన్ని కణాల కేంద్రకాల్లోనూ బీటా-కేటెనిన్ కనిపించాలి. కానీ కణితి మధ్యభాగంలోని చాలా కణాల్లో అది కేంద్రకం బయటే, కణం అంచున ఉంది. కణితి ఆరోగ్యకరమైన కణజాలంలోకి చొచ్చుకుపోతున్న అంచు దగ్గర మాత్రం కేంద్రకాలు గోధుమ రంగుతో నిండిపోయాయి. అదే అంచు దగ్గర ఇ-క్యాడ్‌హెరిన్ తగ్గింది. కణాలు గుంపు విడిచి ఒకటీ రెండుగా బయటకు వస్తున్నాయి.

జన్యువు ఒకే రకంగా పాడైనా ప్రవర్తన రెండు రకాలుగా ఉందంటే, తేడా చుట్టుపక్కల నుంచి రావాలి. కణితి అంచున క్యాన్సర్ కణాలకు ఎదురయ్యే పరిసరం మధ్యభాగం లాంటిది కాదు. అక్కడ ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే సంధాయక కణాలుంటాయి, రోగనిరోధక కణాలుంటాయి, చెదిరిన కొలాజెన్ ఉంటుంది. ఫైబ్రోబ్లాస్ట్‌ల నుంచి వచ్చే హెచ్‌జీఎఫ్ అనే ప్రొటీన్, పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో డబ్ల్యూఎన్‌టీ సంకేతాన్ని మరింత పెంచుతుందని 2010లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. పాడైన ఏపీసీ తలుపు గడియ తీస్తే, తలుపు తోసేది పొరుగు కణాలు.

గట్టు తవ్వే కత్తెరలు

పట్టు వదిలినంత మాత్రాన కణం బయటపడలేదు. ముందు ఆధార పొరను కోయాలి. ఆ పనికి వాడే ఎంజైమ్‌లలో ముఖ్యమైనవి ఎంఎంపీలు. ఇవి కొలాజెన్ వంటి ప్రొటీన్లను కత్తిరిస్తాయి. ఈ కుటుంబంలో మొదటి ఎంజైమ్‌ను 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ తోకకప్పలో కనుగొన్నారు. తోకకప్ప కప్పగా మారేటప్పుడు తోక కరిగిపోవడానికి ఈ ఎంజైమే సాయపడుతుంది. మనలోనూ గాయాలు మానడానికి ఎంఎంపీలు కావాలి.

పెద్దపేగు క్యాన్సర్‌లో ఎంఎంపీ-7 ప్రత్యేకమైనది. చాలా ఎంఎంపీలను చుట్టూ ఉన్న సంధాయక కణాలు తయారు చేస్తే, దీన్ని క్యాన్సర్ కణాలే తయారు చేసుకుంటాయి. కేంద్రకంలో బీటా-కేటెనిన్ తెరిచే జన్యువుల్లో ఎంఎంపీ-7 కూడా ఉందని 1999లో తేలింది. అంటే పట్టు సడలించడం, గట్టు కోయడం రెండింటిలోనూ ఒకే ప్రొటీన్ హస్తం ఉంది.

ఈ కత్తెరలకు అడ్డుకట్ట వేస్తే క్యాన్సర్ ఆగుతుందన్న ఆశతో 1990లలో మందు కంపెనీలు ఎంఎంపీ నిరోధకాలను పెద్ద ఎత్తున పరీక్షించాయి. ఎలుకల్లో బాగా పనిచేసిన ఈ మందులు మనుషుల్లో విఫలమయ్యాయి. కీళ్ల నొప్పులు, కండరాల నొప్పులు వచ్చాయి తప్ప ఆయుష్షు పెరగలేదు. కారణాలు తర్వాత తెలిశాయి. ఎంఎంపీలలో కొన్ని క్యాన్సర్‌ను అడ్డుకునేవి కూడా ఉన్నాయి. మందులు అన్నిటినీ ఒకే గాటన కట్టాయి. పైగా పరీక్షలు జరిగింది ఎక్కువగా వ్యాధి ముదిరిన రోగుల మీద. గట్టు తెగి నీళ్లు ఊళ్లోకి వచ్చాక తూములు మూసినట్టయింది.

దూరం వెళ్లాక మళ్లీ గుంపుగా

పేగు నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయానికి చేరుతుంది. అందుకే పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా కాలేయానికి పాకుతుంది. కాలేయంలో పెరిగిన కణితిని కోసి చూస్తే మరో వింత కనిపిస్తుంది. వలస వచ్చిన కణాలు పేగులో ఉన్నప్పటిలాగే గొట్టాల ఆకారంలో, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇ-క్యాడ్‌హెరిన్ తిరిగి వస్తుంది. కణితి మధ్యలో బీటా-కేటెనిన్ మళ్లీ కేంద్రకం విడిచి అంచుకు చేరుతుంది.

ఇది జన్యువు శాశ్వతంగా చెడిపోవడం వల్ల వచ్చిన మార్పయితే వెనక్కి తిరిగేది కాదు. కణం అవసరాన్ని బట్టి వేషం మారుస్తోందన్న మాట. నారుమడిలోంచి పీకిన నారు విడివిడిగా ఉంటుంది, మరో మడిలో నాటుకున్నాక మళ్లీ దుబ్బు కడుతుంది. క్యాన్సర్ కణాల తీరు కూడా దాదాపు ఇంతే. ప్రయాణానికి ఒక రూపం, కాపురానికి ఒక రూపం.

అయితే అన్ని కణాలూ ఒంటరిగానే బయలుదేరతాయని చెప్పలేం. కణితి అంచును పలుచని పొరలుగా కోసి, వరుసగా పేర్చి త్రిమితీయ రూపంలో చూసిన పరిశోధన 2014లో వెలువడింది. స్లైడ్ మీద విడిగా కనిపించే చాలా కణాలు నిజానికి కింద పెద్ద గుంపుకు కలిసే ఉన్నాయని అది చూపింది. చేతివేళ్ల కొనలను మాత్రమే అడ్డంగా కోస్తే ఐదు వేర్వేరు ముక్కల్లా కనిపించినట్టే ఇదీ. పూర్తిగా పట్టు వదలకుండా, సగం సడలించి, జట్టుగా చొచ్చుకుపోవడమే ఎక్కువన్నది ఇప్పుడు బలపడుతున్న అవగాహన.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ పరిశోధకులు 2020లో ఎల్1క్యామ్ అనే మరో ప్రొటీన్ గురించి రాశారు. పేగు పూత దెబ్బతిని ఇ-క్యాడ్‌హెరిన్ పట్టు పోయినప్పుడు ఇది తయారవుతుంది. మామూలుగా పేగు గాయం మానడానికి అది కావాలి. వ్యాపించే క్యాన్సర్ కణాలు ఇదే గాయం మాన్పే పద్ధతిని వాడుకుంటాయని ఆ పరిశోధన చెప్పింది. 2022లో బార్సిలోనా శాస్త్రవేత్తలు ఈఎంపీ1 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న కణాలు కణితి అంచున ఉంటాయని, ఆపరేషన్ తర్వాత కాలేయంలో వ్యాధి తిరగబెట్టడానికి ఇవే కారణమని ఎలుకల్లో చూపించారు. ఆపరేషన్‌కు ముందే ఈ కణాలను తొలగించినప్పుడు ఎలుకల్లో వ్యాధి తిరిగి రాలేదు.

ప్రొటీన్ ఎవరిదో తెలియకపోతే

2015లో ప్రపంచవ్యాప్తంగా పలు బృందాలు కలిసి పెద్దపేగు క్యాన్సర్లను జన్యు వ్యక్తీకరణ ఆధారంగా నాలుగు రకాలుగా విభజించాయి. వాటిలో నాలుగో రకం రోగుల్లో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ. ఈ కణితుల్లో వలస లక్షణాలకు సంబంధించిన జన్యువులు బాగా పనిచేస్తున్నట్టు కనిపించింది. క్యాన్సర్ కణాలే పూర్తిగా రూపం మార్చుకున్నాయని తొలుత అనుకోవడం సహజం. కానీ అదే ఏడాది వచ్చిన మరో రెండు పరిశోధనలు ఆ సంకేతంలో అధిక భాగం క్యాన్సర్ కణాలది కాదని, కణితిలో చేరిన ఫైబ్రోబ్లాస్ట్‌లదని తేల్చాయి. కణజాలాన్ని మొత్తంగా నూరి కొలిస్తే ఇంటివారి మాట ఏదో, పొరుగువారి మాట ఏదో తెలియదు.

అలాగని ఆ కొలత వృథా కాలేదు. ఫైబ్రోబ్లాస్ట్‌లు ఎక్కువున్న కణితి ప్రమాదకరమన్నది నిజమే. ఆ కణాలను ఉసిగొల్పే టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ మీద పరిశోధన దీంతో ఊపందుకుంది.

రోగికి ఇప్పుడు అందే ఫలితం

ఇంత పరిశోధన జరిగినా, ఆక్రమణను అంచనా వేయడానికి ఆసుపత్రుల్లో వాడుతున్న ఒక పరీక్షకు ఖరీదైన యాంటీబాడీ కూడా అక్కర్లేదు. దాని పేరు ట్యూమర్ బడ్డింగ్. కణితి ముందంచున ఒంటరి కణాలను, లేదా 4 కణాల వరకు ఉన్న చిన్న గుంపులను మామూలు రంగు వేసిన స్లైడ్ మీదే లెక్కపెడతారు. జపాన్ వైద్యులు 1950లలోనే ఈ మొలకలను గమనించారు. 2016లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో లెక్కపెట్టే పద్ధతిని ఏకరూపం చేశారు. మొలకలు అత్యధికంగా ఉన్న చోట 0.785 చదరపు మిల్లీమీటర్ల విస్తీర్ణంలో 4 వరకు ఉంటే తక్కువ, 5 నుంచి 9 అయితే మధ్యస్థం, 10 లేదా ఎక్కువైతే తీవ్రం.

ఈ లెక్క మీద నిజమైన నిర్ణయాలు ఆధారపడతాయి. కొలనోస్కోపీలో తీసేసిన పాలిప్‌లో తొలిదశ క్యాన్సర్ బయటపడిందనుకుందాం. ఇంక ఏమీ చేయకుండా గమనిస్తే చాలా, లేక పేగు భాగాన్ని, లింఫ్ గ్రంథులను తీసే ఆపరేషన్ కావాలా? లింఫ్ గ్రంథులకు పాకని రెండో దశ రోగికి ఆపరేషన్ తర్వాత కీమోథెరపీ ఇవ్వాలా, వద్దా? ఇలాంటి సందర్భాల్లో వైద్యులు మిగతా అంశాలతో పాటు ఈ మొలకల సంఖ్యనూ చూస్తారు. బీటా-కేటెనిన్, ఇ-క్యాడ్‌హెరిన్ పరిశోధనలు ఆ మొలకలు ఎందుకు ప్రమాదకరమో వివరించాయి.

యాంటీబాడీ రంగు నేరుగా చికిత్సను మార్చే పరీక్ష మరొకటి ఉంది. డీఎన్‌ఏ నకలులో తప్పులను సరిదిద్దే నాలుగు ప్రొటీన్లకు, అంటే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6లకు రంగు వేస్తారు. ఇక్కడ వెతికేది ఏ ప్రొటీన్ లోపించిందని. ప్రతి 100 పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15లో వీటిలో ఏదో ఒకటి కేంద్రకంలో కనిపించదు. వ్యాపించిన దశలో అలాంటి కణితులకు ఇమ్యూనోథెరపీ బాగా పనిచేస్తుంది. కుటుంబంలో లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య ముప్పు ఉందేమో పరీక్షించాలన్న సూచన కూడా ఈ స్లైడ్ నుంచే వస్తుంది.

హైదరాబాద్‌లో తేలిన తేడా

పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారత్‌లో పెద్దపేగు క్యాన్సర్ తక్కువే. కానీ ఇక్కడి ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో చిన్న వయసువారి వాటా, మలాశయంలో కణితి ఉన్నవారి వాటా గమనించదగ్గ స్థాయిలో ఉంటాయి. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం, అంటే సీడీఎఫ్‌డీలో మురళీధరన్ బాష్యం బృందం ఈ చిన్న వయసు రోగుల కణితులను పరిశీలించింది. పాఠ్యపుస్తకాల ప్రకారం వాటి కేంద్రకాల్లో బీటా-కేటెనిన్ కనిపించాలి. గణనీయమైన సంఖ్యలో కణితుల్లో అది కనిపించలేదని 2014లో ఈ బృందం ప్రకటించింది. డీఎన్‌ఏను సరిదిద్దే ప్రొటీన్ల లోపం కూడా దీనికి వివరణ ఇవ్వలేదు. 2018లో వచ్చిన తర్వాతి పరిశోధన, ఇలాంటి మలాశయ కణితుల్లో కాల్షియం ఆధారంగా పనిచేసే ఎన్‌ఎఫ్‌ఏటీ అనే వేరే సంకేత మార్గం చురుగ్గా ఉందని సూచించింది.

దీని ప్రాధాన్యం చిన్నది కాదు. ఇప్పటి పాఠ్యపుస్తక నమూనా ఎక్కువగా ఐరోపా, అమెరికా, జపాన్ రోగుల కణితుల నుంచి తయారైంది. ఇక్కడి యువ రోగుల్లో కణాలు వేరే దారిలో గట్టు దాటుతున్నట్టయితే, ఆ దారిని ఇక్కడి స్లైడ్‌ల మీదే వెతకాలి.

కొత్త ప్రొటీన్ వార్త చదివేటప్పుడు

పెద్దపేగు క్యాన్సర్ ఆక్రమణకు ఫలానా ప్రొటీన్ కారణమన్న వార్తలు తరచూ వస్తుంటాయి. వాటిలో ఆసుపత్రి దాకా చేరేవి కొన్నే. ఒకే కణితిలో ఒక మూల ఉన్న వ్యక్తీకరణ మరో మూల ఉండకపోవచ్చు. చిన్న బయాప్సీ ముక్కలో ముందంచు అసలు దొరక్కపోవచ్చు. ఒక ప్రయోగశాల వాడిన యాంటీబాడీ, మరో ప్రయోగశాల వాడినది ఒకే ఫలితం ఇవ్వకపోవచ్చు. ఎంత రంగు ఉంటే ఎక్కువ అనాలన్న గీత కూడా ఒక్కో పరిశోధనలో ఒక్కో చోట ఉంటుంది. అందుకే వార్త చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవడం మంచిది. పరిశోధన కణాల మీదా, ఎలుకల మీదా, రోగుల మీదా? ఎంతమంది రోగులు? ఫలితాన్ని మరో బృందం వేరే రోగుల్లో సరిచూసిందా? ఆ ప్రొటీన్ ఆక్రమణకు కారణమా, లేక ఆక్రమణ జరిగినప్పుడు పక్కన కనిపించిన సాక్షి మాత్రమేనా?

గట్టు తెగక ముందు

పాలిప్ క్యాన్సర్‌గా మారి గట్టు దాటడానికి చాలా సందర్భాల్లో పదేళ్ల దాకా పడుతుంది. ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. ఆ వ్యవధిలో పాలిప్‌ను తీసేస్తే, ఇక్కడ చెప్పుకున్న కథ మొదలే కాదు. కొన్ని దేశాల్లో మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే పరీక్షను నిర్ణీత వయసు దాటినవారందరికీ చేస్తారు. భారత్‌లో జాతీయ కార్యక్రమం కింద సామూహికంగా పరీక్షించే క్యాన్సర్లు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. పెద్దపేగు అందులో లేదు. అందువల్ల ఇక్కడ లక్షణాలను గుర్తించి ముందుకు రావడం మీదే ఎక్కువ ఆధారపడాల్సి వస్తోంది.

మలంలో రక్తం పడితే మొలలే అని సర్దుకుపోవడం మనకు అలవాటు. చాలాసార్లు అది మొలలే కావచ్చు. కానీ రక్తం మళ్లీ మళ్లీ కనిపిస్తున్నా, మల విసర్జన అలవాట్లు కొన్ని వారాలుగా మారినా, కారణం తెలియని రక్తహీనత ఉన్నా, బరువు తగ్గుతున్నా వైద్యుడిని కలవాలి. వయసు తక్కువన్న కారణంతో వాయిదా వేయకూడదు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే లక్షణాలు లేకపోయినా పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోవాలి.

కణం పట్టు ఎలా వదులుతుందో, గట్టు ఎలా కోస్తుందో ప్రొటీన్లు ఒక్కొక్కటిగా చెబుతున్నాయి. గట్టు తెగిన తర్వాత కూడా కణాలను ఆపగల మందులు ఈ అవగాహన నుంచి రావచ్చు. ఈలోగా గట్టుకు ఇవతలే కణితిని పట్టుకునే కొలనోస్కోపీ మన చేతిలో ఉంది.